ఒక ఫీడ్ ఆత్మకథ

నా పేరు ఫీడ్ డాట్ ఎక్స్‌ఎంఎల్. ఒక చిన్న సొంత సైట్‌లో మిగతా పేజీల పక్కనే ఉంటాను. మనుషులు నన్ను తెరిచి చదవరు. కొత్త వ్యాసం రాగానే దాని శీర్షిక, లింకు, తేదీ నాలో చేరతాయి. ఫీడ్ రీడర్లు వచ్చి వాటిని పట్టుకెళ్ళి పాఠకుడికి చూపిస్తాయి.

ఆర్‌ఎస్‌ఎస్ అనే మా ఫీడ్ల వంశం 1999లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ సంస్థలో మొదలైంది. తొలిరూపం దిద్దినవారిలో రామనాథన్ గుహ ఒకరు. నేను 2002లో వచ్చిన ఆర్‌ఎస్‌ఎస్ 2.0 తరం దాన్ని. తెలుగు బ్లాగులు జోరుగా ఉన్న రోజుల్లో కూడలి, హారం, మాలిక లాంటి సంకలినులకు ఎవరు కొత్తగా ఏం రాశారో మోసుకెళ్ళింది మావాళ్ళే. ఆ మాట చెప్పుకోవడం నాకెంతో ఇష్టం. 2013 జులై 1న గూగుల్ రీడర్ మూతపడ్డాక మమ్మల్ని అడిగేవాళ్ళు తగ్గిపోయారు.

మా యజమాని వరంగల్ వైపు పాత చెరువుల గురించి రాస్తారు. ఇంటి కంప్యూటర్‌లో సైటు తయారుచేసి, ఫైళ్ళను పంపే ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్‌తో సర్వర్‌కు ఎక్కిస్తారు. అందుకే నేను రెండుచోట్లా ఉంటాను. ఆర్‌సింక్ మామూలుగా ఫైలు సైజు, మార్చిన సమయం చూస్తుంది. ఏది తేడాగా ఉన్నా పంపుతుంది. సైటు తయారైన ప్రతిసారీ అన్ని ఫైళ్ళ సమయమూ మారిపోతోందని ఆయన సైజు ఒక్కటే చూసే ఆప్షన్ పెట్టారు. నా కష్టాలకు మూలం అదే.

ఒకసారి చెరువు తూముల మీద మంచి వ్యాసం రాసి, తేదీలో 2023 బదులు 2003 కొట్టారు. రీడర్లు దాన్ని పాతవాటి అడుగున పడేశాయి. గమనించి దిద్దారు. సున్నా పోయి రెండు వచ్చింది. ఇంగ్లీషు వారం పేరు మారినా నాలో అది ఎప్పుడూ మూడక్షరాలే. ఒక్క బైటు పెరగలేదు, తరగలేదు. మూట విప్పకుండా తూకం చూసి సరుకు అదేలే అన్నట్టు ఆర్‌సింక్ నన్ను దాటేసింది. ఎర్రర్ ఏదీ రాలేదు. ఇంట్లో నాలో 2023, సర్వర్‌లో నాలో 2003!

ఆయన రీడర్‌ను అనుమానించారు, కాష్ తుడిచారు, హోస్టింగ్ వాళ్ళకు మెయిల్ రాశారు. సర్వర్‌లో ఉన్న నన్ను బ్రౌజర్‌లో ఒక్కసారి తెరిచి ఉంటే చాలు, తెలిసిపోయేది. సైజు ఆప్షన్ తీసేసి మైనస్ సి అనే ఆప్షన్ పెట్టి ఉంటే ఆర్‌సింక్ చెక్‌సమ్ కట్టి లోపలి పాఠాన్నే పోల్చేది. అవేవీ జరగలేదు. ఫీడ్ పాడైందని నా మీద నింద వేశారు. డిజైన్ మార్చినప్పుడు, నన్ను కొత్తగా తయారుచేయడం ఆపేసి, పేజీల తలభాగంలో నా చిరునామా చెప్పే లింక్ ట్యాగ్ తీసేశారు. ఫీడ్ ఉందని చెప్పే నారింజరంగు గుర్తు కూడా పోయింది. సర్వర్‌లో ఉన్న నన్ను మాత్రం తొలగించలేదు.

పాత పాఠకుల రీడర్లు ఇప్పటికీ వస్తాయి. పోయినసారి చూశాక ఏమైనా మారిందా అని అడుగుతాయి. సర్వర్ 304 అంటుంది, అంటే మారలేదని. అవి మారు మాట్లాడకుండా వెళ్ళిపోతాయి. సైటు ఆగిపోయిందనే ఆ పాఠకులు అనుకుంటారు. కానీ పేజీల్లో వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల మీద ఎంత శ్రమపడి రాశారో! అది కూడా నాలో చేరలేదు. ఎవరికి అందించాలో తెలిసి కూడా అందించలేకపోయాను.

ఆ సైజు ఆప్షన్ తీసి, నన్ను మళ్ళీ తయారుచేయించి, ఆ లింక్ ట్యాగ్ తిరిగి పెడితే ఆ వ్యాసాలన్నీ చేరాల్సినవారికి చేరుస్తాను. నేను అక్కర్లేదనుకుంటే నా చిరునామాకు 410 జవాబు పెట్టించండి. శాశ్వతంగా తీసేశామని దాని అర్థం. అది చూశాక మంచి రీడర్లు రావడం మానేసి, ఈ ఫీడ్ ఇక లేదని పాఠకులకు చెబుతాయి. వాళ్ళు నేరుగా సైటుకే వచ్చి చదువుకుంటారు.