కొసరు రెబ్బకు టీకా తాత్పర్యం

మూలం: "అవ్వా! టమాటలల్ల గింత కళ్యమాకు ఎయ్యరాదే, కొసరు."

అవతారిక: చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దంతా కూర్చుని, అశోక్‌నగర్ రూములో వంట వంతు తనది కాగా నారాయణగూడ మార్కెట్‌కు వచ్చిన గ్రూప్స్ అభ్యర్థి, కూరగాయల అవ్వతో పలికిన వాక్యమిది. అతని చంకలో తెలుగు అకాడమీ వృక్షశాస్త్రం ఉన్నదని గ్రహించునది. అది లేనిదే ఈ టీక నిలవదు.

టీక: అవ్వా = ఓ ముసలమ్మా; టమాటలల్ల = పండినా రక్షక పత్రావళి ఊడని మృదుఫలముల నడుమ; గింత = చేతితో చూపదగినంత; కళ్యమాకు = కరివేపాకు, అనగా పుచ్ఛరహితమును, పిచ్ఛాకార సంయుక్తమును అగు పత్రమును; ఎయ్యరాదే = వేయకూడదా, వేయుమని; కొసరు = తూకమునకు వెలుపల, వెల లేక. ఈ చివరిది మాత్రం శాస్త్రంలో ఇమడదు.

విశేషం: అవ్వ ఒక రెబ్బ తుంచి వేసింది. "పదిహేను ఆకులొచ్చినయి" అని అభ్యర్థి మురిశాడు. ఇది పూర్వపక్షం. రెబ్బను కొమ్మ అనుకుని, దాని మీదివన్నీ ఆకులనుకున్నాడు.

సిద్ధాంతం వేరు. ఆకు కాండానికి అతికే మూలను గ్రీవం అంటారు. అక్కడ మొగ్గ ఉండాలి. రెబ్బ తుంచిన చోట కొమ్మ మీద ఆ మొగ్గ మిగిలే ఉంటుంది. రెబ్బ మీది పచ్చని దళాల మొదట్లో మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. కనుక రెబ్బే ఆకు. మనం ఆకులనేవి పత్రకాలు. నడిమి పుల్ల కాండం కాదు, మధ్య ఈనె. పత్రకాన్ని వెలుగుకెత్తి చూస్తే కనబడే చుక్కలు తైలగ్రంథులు, నిమ్మ, మారేడు చుట్టరికానికి సాక్ష్యం. అవ్వ ఎప్పుడూ రెబ్బల్లోనే లెక్కపెట్టింది. పుస్తకం మోసినవాడు తప్పాడు, శాస్త్రం అవ్వ పక్షం.

ప్రసక్తానుప్రసక్తం: కరివేపాకు శాస్త్రీయ నామమైన ముర్రయా కోనిగై లోని కోనిగ్, లిన్నేయస్ శిష్యుడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. పాపం, ఆయన పేరిటి పత్రకాలను మనవాళ్లు రోజూ ఏరి కంచం అంచున పెడుతున్నారు.

తాత్పర్యం: ఓ వృద్ధురాలా, కొన్న మృదుఫలాల మీద ఒక్క పత్రమైనా ఉచితంగా ప్రసాదించుమని భావం.

పాఠాంతరం: "గింత" అనుచోట "రెండు రెబ్బలు" అని హాస్టళ్ల పాఠం. టమాట కిలో వంద దాటిన 2023 జులైలో ఈ పాఠానికే ప్రచారం హెచ్చు. కొన్నది పావుకిలో, అడిగినది రెండు రెబ్బలు.