కూత విని నంబరు చెప్పేవాళ్లం

"అన్నా, నల్లపొగ వదులన్నా! ఒక్కసారి!"

మెట్టుపాళయం స్టేషన్లో పొద్దున్నే ఏడు గంటలకు, నీలగిరి కొండబండి బయల్దేరే వేళ విన్న మాట ఇది. ఇంజను దగ్గర పాతిక మంది సెల్‌ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. పైనున్న ఫైర్‌మాన్ కుర్రాడు నవ్వి తన పని తాను చూసుకున్నాడు. చిమ్నీలోంచి పొగ సన్నగా, బూడిద రంగులో లేచింది. ఎంత శుభ్రమైన పొగ! జనం మాత్రం "ఇంతేనా" అని పెదవి విరిచి పెట్టెల్లోకి ఎక్కారు. ఆ కుర్రాడి పనితనానికి దండం పెట్టాలనిపించింది నాకు. ఆ జనం మీద కోపమూ వచ్చింది.

మా రోజుల్లో నల్లపొగ తప్పు. బొగ్గు పూర్తిగా కాలకుండానే చిమ్నీలోంచి ఎగిరిపోతోందని దాని అర్థం. సర్కారు బొగ్గు గాలికి పోతోంది, నీ ఒంటి చెమటా దాంతోపాటే పోతోంది. మా డ్రైవరు గారు ముందుకు చూస్తూనే, తల తిప్పకుండా, "చిమ్నీ చూడరా అబ్బాయా" అనేవారు. ఆ ఒక్క మాటకే చచ్చినంత పనయ్యేది. లోకో ఇన్‌స్పెక్టరు ఇంజనెక్కిన రోజు అయితే పొగ రంగును బట్టే మన బతుకు. అలాంటి తప్పును ఇవాళ అందం అంటున్నారు. ఫొటోలో నల్లగా, దట్టంగా పడితే చాలట.

నేను 1967లో కోస్తా లైన్లో ఒక షెడ్డులో క్లీనరుగా చేరాను. ముందు చేతికిచ్చింది కాటన్ వేస్టు, కిరసనాయిలు డబ్బా. చక్రాలు, రాడ్లు, ఫ్రేములు తుడవడమే పని. తుడుస్తూ తుడుస్తూనే ఏ నట్టు వదులైందో, ఎక్కడ సన్నగా పగులు తీసిందో వేళ్లకు తెలిసేది. ఆ తర్వాత సెకండ్ ఫైర్‌మాన్‌ని. డబ్ల్యూజీ గూడ్సు ఇంజను మీద డ్రైవరుకు తోడు ఇద్దరు ఫైర్‌మన్లం ఉండేవాళ్లం. ఒకడు టెండర్లో పెద్ద బొగ్గు పెళ్లలు సుత్తితో పగలగొట్టి ముందుకు లాగితే, రెండోవాడు పారతో నిప్పుకు వేసేవాడు. బాయిలరు 210 పౌండ్ల మీద నిలవాలి. పార నిండా ఎత్తి గుమ్మరిస్తే నిప్పు చల్లబడుతుంది. కొద్దికొద్దిగా వెయ్యాలి. వెనక మూలలు ముందు నింపాలి, మధ్యలో పలచగా ఉంచాలి, తలుపు తెరిచిన మరుక్షణం మూసెయ్యాలి. కళ్లు ఒకసారి నిప్పు మీద, ఒకసారి గేజి గ్లాసులో నీటి మీద. నీళ్లు కిందికి జారితే ఫైర్‌బాక్సు పైకప్పు కాలుతుంది. కప్పు కాలితే బాయిలరు పేలుతుంది. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లికి ఉండే భయం అది. ఇంటికెళ్లి పడుకున్నా ఆ గాజుగొట్టంలో నీటిమట్టమే కళ్లముందు ఆడేది.

ఇదంతా తెలిసినవాణ్ని కాబట్టి పిల్లలు ఊటీ ప్రయాణం అన్నప్పుడు ఈ బండి కోసమే వెంట వచ్చాను. మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఇంకా ఆవిరి ఇంజనే నడుస్తోందని తెలుసు. ఇది 1899లో తెరిచిన లైను. 1908లో ఊటీ దాకా పొడిగించారు. మొత్తం 46 కిలోమీటర్లు. 326 మీటర్ల ఎత్తున్న మెట్టుపాళయం నుంచి 2200 మీటర్ల పైనున్న ఊటీకి చేరడానికి దాదాపు ఐదు గంటలు. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవన్నీ బండెక్కిన ప్రతివాళ్లూ ఫోన్లో చదివేశారు. కల్లార్ స్టేషన్లో బండి ఆగినప్పుడు మాత్రం పట్టాల మధ్యకు వంగి చూసినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

చూడాల్సింది అక్కడే. కల్లార్ దాటగానే రెండు పట్టాల నడుమ పళ్లున్న ఉక్కు కడ్డీలు రెండు, పక్కపక్కనే, మొదలవుతాయి. ఒకదాని పన్నుకు ఎదురుగా రెండోదాని సందు వస్తుంది. ఇంజను కిందున్న పళ్లచక్రాలు వాటిని పట్టుకుని ఎక్కుతాయి. ఎప్పుడు చూసినా ఏదో ఒక పన్ను పట్టు మీదే ఉంటుంది. పన్నెండడుగులు నడిస్తే ఒక అడుగు ఎత్తు పెరిగే చోట మామూలు చక్రం జారిపోతుంది మరి. మొదట స్విట్జర్లాండులోని వింటర్‌తూర్‌లో పుట్టిన ఎక్స్ క్లాసు ఇంజన్లివి. నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలను తిప్పుతాయి, రెండు పళ్లచక్రాలను తిప్పుతాయి. ఏటవాలు మొదలయ్యాక మొదటి జంటలో పని చేసొచ్చిన ఆవిరినే రెండో జంటకు పంపుతారు. ఒకే ఆవిరి రెండుసార్లు కూలి చేస్తుంది. ఇంజను ముందు ఉండి లాగదు, కింది వైపు ఉండి పైకి నెడుతుంది. కప్లింగు తెగినా పెట్టెలు లోయలోకి జారిపోకుండా తన ఒళ్లే అడ్డం పెట్టుకుని ఎక్కుతుంది. పెట్టెల బాల్కనీల్లో బ్రేకు పట్టుకుని నిలబడ్డ మనుషులు ఇంజను కూతను బట్టి బ్రేకు వదులుతారు, బిగిస్తారు. ముందు పెట్టెలోని మనిషి జెండాతో వెనకున్న డ్రైవరుకు దారి చెబుతాడు.

ఏటవాలు మొదలవగానే చప్పుడు మారింది. నాకు ఒళ్లు జలదరించింది. సరిగ్గా అప్పుడే పక్క పెట్టెలో స్పీకరు పెట్టారు. "దిల్ సే" సినిమాలో ఈ బండి మీద తీసిన పాటట. ఆ పాట వాళ్లు ఇంట్లో రోజూ వినొచ్చు. కొండ గోడకు తగిలి తిరిగొచ్చే ఈ ఇంజను ఊపిరి ఇంకెక్కడ వినగలరు? ఇదే నా బాధ.

మా రోజుల్లో ఇంజన్ను చెవితో చూసేవాళ్లం. రెండు సిలిండర్ల ఇంజను చక్రం ఒక చుట్టు తిరిగేలోపు నాలుగుసార్లు ఊపిరి వదులుతుంది. ఆ నాలుగూ సమానంగా పడాలి. మూడోది కాస్త కుంటిందంటే వాల్వు సర్దుబాటు తప్పిందని డ్రైవరు రిజిస్టర్లో రాసేవాడు. కూత విని ఫలానా నంబరు వస్తోందని, కూత కొట్టిన తీరు విని ఫలానా డ్రైవరని చెప్పేవాళ్లం. మా ఆవిడైతే నేను డ్యూటీ దిగే బండి అవుటర్ సిగ్నల్ దగ్గర కూసిందంటే పొయ్యి మీద బియ్యం పడేసేది.

ప్రయాణికులదీ అప్పుడు వేరే తీరు. మూడో తరగతి చెక్క బల్లల మీద కూర్చుని, ఎదురుగాలికి బొగ్గు నలుసు కంట్లో పడితే కొంగు మడిచి ఆవిరి పట్టి అద్దుకునేవాళ్లు. తెల్లపంచె కట్టిన పెద్దమనిషి దిగేసరికి బూడిద పంచె కట్టినట్టుండేవాడు. విసుక్కునేవాళ్లు. కానీ స్టేషన్లో దిగి వెళ్తూ ఇంజను పక్కన ఒక్క క్షణం ఆగేవాళ్లు. మసిగుడ్డతో మొహం తుడుచుకుంటున్న మమ్మల్ని చూసి "తెచ్చి పడేశావు నాయనా" అనేవాళ్లు. ఆ మాట అనేవాళ్లేరీ ఇప్పుడు? ఇంజన్‌తో ఫొటో దిగుతారు. ఫొటోకు అడ్డొస్తున్నాడని ఫైర్‌మాన్‌ని పక్కకు తప్పుకోమంటారు.

అందరూ అలాంటివాళ్లేనని అననులెండి. హిల్‌గ్రోవ్‌లో నీళ్లకు ఆగినప్పుడు, అందరూ టీ కోసం పరిగెత్తితే, కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక కాలేజీ కుర్రాడు చేతిలో నోట్‌బుక్కుతో ఇంజను పక్కనే నిలబడ్డాడు. నేను వెళ్లి నిలబడ్డాను. ఫైర్‌మాన్‌నని తెలిశాక వాడు మొదట అడిగిన ప్రశ్న: "అయ్యా, ఎత్తు ఎక్కేటప్పుడు నీళ్లు ఒక వైపుకు పోతాయి కదా, గేజి గ్లాసులో చూసింది నమ్మొచ్చా?" యాభై ఏళ్లలో నన్ను ఎవరూ అడగని మాట! అరగంట చెప్పాల్సినదాన్ని ఐదు నిమిషాల్లో చెప్పాను. వేల్స్ దేశంలో టాలిల్లిన్ అనే పలక రాతి గనుల చిన్న రైలు మూతపడబోతుంటే, 1951లో మామూలు జనం పూనుకుని, జీతం లేకుండా నడిపారని వాడే నాకు చెప్పాడు. వాళ్లే పట్టాలు సరిచేసి, వాళ్లే నిప్పు వేసి, వాళ్లే టిక్కెట్లు చించారట. ప్రపంచంలో అలా బతికించుకున్న రైళ్లలో అదే మొదటిది. ఇష్టం అంటే అదీ. చేతికి మసి అంటాలి.

మరి మనమేం చేశాం? బిట్రగుంట, కాజీపేట, గుంతకల్లు అంటే ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల ఊళ్లు. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలోంచి పోయే మీటర్‌గేజ్ లైను ఉండేది. దొరబావి వంతెన మీంచి బండి పోతుంటే కిటికీలోంచి లోయను చూసి గుండె ఝల్లుమనేది. బ్రాడ్‌గేజ్ వచ్చింది, లైను దారి మార్చుకుంది, ఆ వంతెన అడవిలో ఒంటరిగా మిగిలింది. బ్రాడ్‌గేజ్ రావద్దని నేనెందుకంటాను? రావాలి. కానీ ఆ పాత ముక్కను పది మైళ్లు ఉంచుకుని, వారానికి ఒక్క ఆవిరి బండి నడిపితే మన పిల్లలకు మన అడవిలోనే చూపించేవాళ్లం కదా! తెలుగు నేల మీద అలా ఒక్క లైనూ మిగుల్చుకోలేదు. స్టేషన్ల ముందు, ఆఫీసుల ముందు దిమ్మెకట్టి నిలబెట్టిన ఇంజన్లున్నాయి. నిగనిగలాడే రంగు పూసి, నిప్పు లేని పొయ్యితో, నీళ్లు లేని బాయిలర్‌తో. నేను పదకొండేళ్లు పార పట్టిన ఇంజనుకు ఆ గతి కూడా పట్టలేదు. గ్యాస్ కట్టర్‌తో కోసి తూకానికి అమ్మారు. నంబరు పలక ఇప్పించమని అడిగితే కుదరదన్నారు. ఆ కోత రోజున షెడ్డు గేటు దగ్గర నిలబడి చూసింది ఇవాళ్టికీ నిద్రలో వస్తుంది.

అందుకే తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపు వాళ్లు ఈ కొండలైను కోసం కొత్తగా ఎక్స్ క్లాసు ఇంజన్లు తయారుచేశారని విన్నప్పుడు చేతులెత్తి మొక్కాను. ఈ కాలంలో బాయిలరు ప్లేటు వంచగల చేతులు, రివెట్టు కొట్టగల చేతులు మన దేశంలో ఉన్నాయి. ఆ చేతుల పక్కన ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెట్టి నేర్పించాలి. ఆలస్యం చేస్తే మాలాంటివాళ్లం ఉండం.

కూనూరులో ఆవిరి ఇంజను విప్పి డీజిలు తగిలించారు. మావాళ్లు ఊటీకి పోయారు. నేను వెళ్లలేదు. కోయంబత్తూరు కుర్రాడూ ఉండిపోయాడు. బండి కదిలిపోయాక ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. ఇంజను మెల్లగా షెడ్డు వైపు నడిచింది. మేమిద్దరం కంచె ఇవతల నిలబడి చూస్తున్నాం. ఫిట్టరు చిన్న సుత్తితో ఒక్కో నట్టూ తట్టుకుంటూ వచ్చాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. నేను కళ్లు మూసుకున్నాను. "బిగువుగా ఉంది తంబీ" అన్నాను వచ్చీరాని తమిళంలో. అతను తలెత్తి నా వైపు చూసి, తలూపి, తర్వాతి నట్టు మీద సుత్తి పెట్టాడు.