ఏమీ చేయని రోజు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాడికి కైలాసం వెళ్లాలన్న కోరిక కలగగానే ముందు పుట్టేది భక్తి కాదు, ఎక్సెల్ షీటు. ఎడమపక్క తేదీలు, కుడిపక్క డాలర్లు, మధ్యలో ఎక్కడో శివుడు. ఆ షీటులో ఒకటి రెండు చోట్ల ‘రెస్ట్ డే’ అని ఓ గడి ఉంటుంది. ఆ పక్కన చూడాల్సిన గుడి పేరు ఉండదు, ఫొటో తీసుకునే చోటు ఉండదు. టూరు వాళ్లు పంపిన పద్దెనిమిది రోజుల ప్రయాణాన్ని ఆఫీసు ఇచ్చిన పద్నాలుగు రోజుల సెలవులోకి కుక్కాలంటే మొదటి కత్తెర పడేది దాని మీదే. “అన్నయ్యా, ఇక్కడ ఏమీ లేదుగా, ఒక రోజు ఊరికే పోతోంది” అని వాట్సాప్ గ్రూపులో ఒకరు కనిపెడతారు. క్షణంలో పదకొండు బొటనవేళ్లు పైకి లేస్తాయి. నా వాదన ఒక్కటే. ఈ యాత్రలో డబ్బు పోసి కొనదగ్గది ఏదైనా ఉంటే, అది ఊరికే పోయే ఆ రోజే. మిగతావన్నీ బేరమాడుకోవచ్చు.

తొందరకు కారణాలు లేకపోలేదు. భారత ప్రభుత్వం నడిపే మానససరోవర యాత్ర భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకే. జీవితాంతం చెల్లుతుందని పదిలంగా దాచుకున్న ఓసీఐ కార్డు ఈ యాత్రకు మాత్రం చెల్లదు. పాత పాస్‌పోర్టు వదలనివాడైనా డ్రాలో పేరు రావాలి, ఢిల్లీలో వైద్య పరీక్షలు నెగ్గాలి, బీఎంఐ 25 దాటకూడదు. వారాంతపు విందులతో పెరిగిన దేహాలకు ఈ చివరి షరతు వీసా కంటే కష్టం. అందుకని చాలామంది ఖాట్మండు దారి పడతారు. అక్కడ చైనా వాళ్లు ఇచ్చేది గ్రూప్ వీసా. ఒకే కాగితం మీద అందరి పేర్లు. కలిసి వెళ్లాలి, కలిసి రావాలి. ముందుచూపున్న మహానుభావుడెవరైనా అమెరికాలోనే విడిగా చైనా వీసా వేయించుకుని వస్తే, గ్రూప్ వీసా ఇచ్చేటప్పుడు దాన్ని రద్దు చేస్తారు. కాగితం చేతికొచ్చేదాకా రెండు మూడు రోజులు పశుపతినాథుడి దర్శనం, రుద్రాక్షల బేరం. “రెస్టు ఇక్కడే అయిపోయిందిగా” అంటారు. అవలేదు. ఖాట్మండు ఎత్తు 1,400 మీటర్లు. అక్కడ నెల్లాళ్లు కూర్చున్నా ఊపిరితిత్తులకు కైలాసం కబురు అందదు.

కబురు అందేది సరిహద్దు దాటాక. కేరుంగ్ సుమారు 2,800 మీటర్లు, తర్వాతి మజిలీ సాగా సుమారు 4,500. బస్సు ఒక్క రోజులో దించేస్తుంది. పర్వత వైద్యులు చెప్పే లెక్క వేరు. మూడు వేల మీటర్లు దాటాక, ఒక రాత్రి పడుకున్న ఎత్తుకు మర్నాటి రాత్రి పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక పూర్తి రోజు ఆగాలి. ఆ లెక్కన బస్సు ఒక్క పగట్లో ఎక్కించే ఎత్తుకు నాలుగు రోజులు పట్టాలి. కేరుంగ్‌లో రెస్ట్ డే టూరు వాళ్ల ఉదారత కాదు, ముందున్న అప్పుకు కట్టే మొదటి వాయిదా. పరిక్రమలో డోల్మా కనుమ సుమారు 5,600 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానికి సగం. శరీరం వెంటనే ఎగశ్వాస మొదలుపెడుతుంది, దాంతో రక్తంలో ఆమ్లం లెక్క తప్పుతుంది, దాన్ని మూత్రపిండాలు నింపాదిగా సరిచేయాలి. అదనంగా ఫీజు కట్టి వాటిచేత తత్కాల్‌లో పని చేయించుకునే కౌంటరు ఎక్కడా లేదు.

మానససరోవరం ఒడ్డున ఒక సాయంత్రాన్ని దగ్గర్నుంచి చూడండి. 4,590 మీటర్ల ఎత్తున, ఇంటి నుంచి తెచ్చిన చిప్స్ ప్యాకెట్ పూరీలా ఉబ్బి ఉంటుంది. నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి గనక ప్రెషర్ కుక్కర్ లేనిదే అన్నం పలుకు దిగదు. అమెరికాలో 98 చూపించిన ఆక్సీమీటరు ఇక్కడ 85 దగ్గర ఊగుతూ ఉంటుంది. మనవాళ్లకు అంకె కనిపిస్తే అది ర్యాంకే. “వదినా, మీకెంత?” “83.” “మా ఆయనకి 88 వచ్చింది” అని పక్క మంచం మీద నుంచి ఎంసెట్ ఫలితాల గొంతు. ఆ 88 వచ్చినాయన అప్పటికే బయట గోడ పట్టుకుని వాంతి చేసుకుంటూ ఉంటాడు. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం ఎత్తు జబ్బుకు తొలి లక్షణాలు. మనం వాటిని నిన్నటి పప్పు మీదకు నెట్టేస్తాం. ముదిరితే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరి ప్రాణం మీదకు వస్తుంది. అప్పుడు అసలు మందు ఒక్కటే, కిందికి దిగడం.

“నేను ఏటా మారథాన్ పరిగెత్తుతాను” అనే ఆయన ఒకరు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. మంచిదే, మోకాళ్లు నిలబడతాయి. కానీ దేహదారుఢ్యం ఎత్తు జబ్బును ఆపదు. పైగా ఓపికున్నవాడు తొందరగా నడుస్తాడు, తొందరగా పడతాడు. మహాప్రస్థానంలో భీముడంతటివాడు కూడా పడ్డాడు. ధర్మరాజు దానికి తిండీ బలగర్వమూ కారణమన్నాడు; ఎత్తు సంగతి ఆయనకు తట్టినట్టు లేదు. ఇక డయామాక్స్ మాత్ర. అది శరీరం అలవాటుపడే పనిని కాస్త త్వరపెడుతుంది, ఆ పనిని రద్దు చేయదు. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, మాటిమాటికీ లఘుశంక వస్తుంది. సున్నాకు దిగువన చలిలో అర్ధరాత్రి నాలుగోసారి టార్చిలైటుతో బయటికి వెళ్లేటప్పుడు గానీ దాని పూర్తి ప్రభావం అర్థం కాదు.

“హెలికాప్టర్ ఉందిగా” అన్నది మరో అభ్యంతరం. ఉంది. నేపాల్‌గంజ్ నుంచి సిమికోట్, అక్కడి నుంచి హిల్సా, కర్ణాలి మీద వంతెన దాటితే టిబెట్. వంతెన దాటగానే గడియారం కూడా రెండుంపావు గంటలు ముందుకు పోతుంది. చైనా అంతటికీ బీజింగ్ సమయమే మరి. తొందరపడేవాడికి ఇంతకంటే తగిన శిక్ష లేదు. నేపాల్‌గంజ్ ఎత్తు 150 మీటర్లు, హిల్సా 3,600 పైన. అంటే హెలికాప్టర్ తగ్గించేది అలసటను, పెంచేది ప్రమాదాన్ని. ఆపైన అది వాతావరణం దయ మీద ఎగురుతుంది. 2018 జులైలో సిమికోట్, హిల్సాల్లో వెయ్యిమందికి పైగా భారతీయ యాత్రికులు మబ్బు విడిచేదాకా ఇరుక్కుపోయారు. రోడ్డుదీ అదే వరస: 2025 జులైలో కేరుంగ్ దారిలో రసువాగఢీ దగ్గర సరిహద్దు వంతెనను వరద ఎత్తుకుపోయింది. అసలు ఈ కొండ దగ్గర విమానం ఆగిపోయిన మొదటి ప్రయాణికుడు రావణుడు. పుష్పకం కదలకపోతే ఆయన నంది మాట వినకుండా కొండనే ఎత్తబోయాడు. ఒక రోజు ఆగి ఉంటే సరిపోయేది.

“శివుడే చూసుకుంటాడు” అన్నది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం, ఎందుకంటే దానికి ఎదురు చెప్పినవాడు నాస్తికుడవుతాడు. అయినా చెబుతాను. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని అనుకునే కాలంలో, 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరాడు. తిరిగొచ్చేసరికి పదిహేను నెలలు పట్టింది. ఆయనకు దేవుడి మీద నమ్మకం తక్కువై అన్ని నెలలు తీసుకోలేదు. మజిలీ మజిలీకీ ఆగడం ఆనాటి యాత్రకు లక్షణం. బోయీల కాళ్లే దాని వేగాన్ని నిర్ణయించాయి. ఆ వేగం మనకిప్పుడు లేదు గనక దాన్ని చేత్తో షీటులో రాసుకోవాలి. నాథూలా దారిన వెళ్లే ప్రభుత్వ బృందాలను కూడా సిక్కింలోనే కొన్ని రోజులు ఆపి, ఎత్తుకు అలవాటుపడనిచ్చి గానీ సరిహద్దు దాటించరు. మనమేమో సరోవరం దగ్గర పౌర్ణమి రాత్రి ఉండితీరాలని తేదీ బిగించేస్తాం. దానికి తోడు 2026 టిబెటన్లకు అశ్వ సంవత్సరం, ఆ ఏడు ఒక్క ప్రదక్షిణ చేస్తే పదమూడు చేసినట్టని వాళ్ల నమ్మకం. ఒకటి చేస్తే పన్నెండు ఉచితమంటే తెలుగువాడు ఆగుతాడా?

మిగిలింది సెలవు. అది నిజమైన కష్టమే, దాన్ని వెక్కిరించను. అమెరికా ఉద్యోగంలో మూడు వారాలు అడిగితే మేనేజరు ముఖం ఎలా మారుతుందో ఊహించగలను. దానికి నా దగ్గరున్న జవాబు చిన్నది. రెండేళ్ల సెలవు కూడబెట్టి వెళ్లండి, రెస్ట్ డేల గడులకు తాళం వేయండి, తిరుగు టికెట్టుకు ముందు మూడు రోజులు ఖాళీ ఉంచండి. పద్నాలుగు రోజులకు మించి దొరకవంటే ఈసారికి శ్రీకాళహస్తి వెళ్లండి. దానికీ దక్షిణ కైలాసమనే పేరు. తిరుపతి నుంచి నలభై కిలోమీటర్ల లోపే.