చెరువులో గోడలు పారబోస్తున్న కాంట్రాక్టరు గారికి



మొన్న అర్ధరాత్రి దాటాక మీ టిప్పర్ మా కాలనీ చెరువు కట్టెక్కి లోడు దించిన చప్పుడుకి వీధి వీధంతా లేచింది. తెల్లవారగానే వెళ్లి ఆ కుప్ప చూశాను. నీలం సున్నం వేసిన గోడ పెళ్లలు, ఇటుక ముక్కలు, పగిలిన మొజాయిక్, ఫాల్స్ సీలింగ్ పీవోపీ, పైపు ముక్కలు అన్నీ కలగలిసి నీళ్లలోకి జారుతున్నాయి. ఇనుప కడ్డీ మాత్రం ఒక్కటీ లేదు. స్లాబు ముక్కల్లో కడ్డీలు లాగేసిన బొక్కలే మిగిలాయి. తలుపులు లేవు, రాగి తీగ లేదు. అంటే మీకు ఏరడం బాగా వచ్చు.

ఏరకుండా వదిలేసినదానికీ విలువ ఉంది. ఈ ఉత్తరం అందుకే.

తాండూరులోనో హుజూర్‌నగర్ వైపో తవ్విన సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాలిస్తేగాని సిమెంటుకు మూలమైన క్లింకర్ రాదు. టన్ను క్లింకర్‌కు ఆ రాయిలోంచే సుమారు అర టన్ను కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది. బొగ్గు పొగ దానికి అదనం. మీరు నీళ్లపాలు చేసిన స్లాబులోని సిమెంటు ఆ మంట చూసి వచ్చిందే. దాన్ని నలగ్గొట్టి కంకర, ఇసుక జల్లెడ పట్టాక మిగిలే మెత్తటి పొడిని మళ్లీ బట్టీకి పంపితే, ఆ మేరకు కొత్త రాయి తవ్వే పని తప్పుతుంది. నేరుగా సిమెంటులోనూ కలపొచ్చు. స్విట్జర్లాండ్‌లో అలాంటి సిమెంటు అమ్ముతున్నారు. యూరప్ 2023లో దానికి ప్రమాణమే రాసుకుంది. మనకైతే ఇటుక పొడి పాత చుట్టమే. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ ఆనకట్టను సున్నం, సుర్కీ అనే ఇటుక పొడి కలిపి కట్టారు.

కానీ ఏది పడితే అది బట్టీలో పొయ్యలేరు. పీవోపీ అంటే జిప్సమ్. అందులోని గంధకం ఎక్కువైతే లోపల పేరుకుపోయి దారులు పూడుకుపోతాయి. ఇక చెరువు బురద కలిసిన పొడిలో సిమెంటు ఎంతో మట్టి ఎంతో ఎవరు తేలుస్తారు? రోజుకు 20 టన్నులు దాటి కూల్చేవాళ్లు కాంక్రీటు, ఇటుక, మట్టి వేరు చేసి పెట్టాలని 2016 నాటి నిర్మాణ వ్యర్థాల నిబంధనలు చెప్పింది ఊరికే కాదు.

గోడ మీద సుత్తి పడకముందే సీలింగ్ దించేయండి. కాంక్రీటు ఒక లోడు, ఇటుకలు ఒక లోడు కట్టండి. మన హైదరాబాద్‌లో జీడిమెట్లలో ఉంది, ఫతుల్లాగూడలో ఉంది, వీటిని నలిపే ప్లాంటు. అక్కడికి తోలండి. శుభ్రమైన సరుకు రోజూ దొరుకుతుందని తెలిస్తేనే సిమెంటు ఫ్యాక్టరీలు దాని కోసం వస్తాయి.

మా చెరువులో పోసిన కుప్ప సగమే మునిగింది. వానలు పడేలోపు ఎత్తించండి.

మీ టిప్పర్ చప్పుడుకి లేచిన ఒక ఇంటాయన