చనిపోయినవారూ అభ్యంతరాలు తెలుపవచ్చును

జనానికి ప్రభుత్వ వ్యవహారాల మీద ఆసక్తి చచ్చిపోయిందని బాధపడేవాళ్లు 2017లో అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు వచ్చిపడిన ఉత్తరాలు చూడాల్సింది. ఇంటర్నెట్ కంపెనీలు అన్ని వెబ్‌సైట్లనూ ఒకే కంట చూడాలన్న నెట్ న్యూట్రాలిటీ నిబంధనను ఎత్తేద్దామనుకుంటున్నాం, మీరేమంటారని కమిషన్ అడిగింది. మంచితనంతో అడిగిందని మురిసిపోకండి. రూలు పెట్టినా తీసేసినా ముందు జనాన్ని అడిగి తీరాలని అక్కడ 1946 నుంచీ చట్టం ఉంది.

అడిగిందే తడవు, 2 కోట్ల 20 లక్షలకు పైగా జవాబులు! బతికున్నవాళ్లు రాశారు, కాలం చేసినవాళ్లూ రాశారు. జెఫ్ మెర్క్‌లీ డెమొక్రాట్, పాట్ టూమీ రిపబ్లికన్. మా పేర్లతో ఎవరో రాసేశారు మహాప్రభో అని మొత్తుకోవడంలో మాత్రం ఈ ఇద్దరు సెనేటర్లూ పార్టీభేదం మరిచి ఒక్కటయ్యారు.

న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయం తవ్వితవ్వి 2021 మే నాటికి లెక్క తేల్చింది. వచ్చినవాటిలో దాదాపు 1 కోటి 80 లక్షలు దొంగవే. అందులో 85 లక్షలకు పైగా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల సొమ్ముతో నడిచిన ప్రచారం చలవ. దానికైన ఖర్చు 42 లక్షల డాలర్లు. అంటే ఒక్కో ప్రజాభిప్రాయం అర డాలరు లోపే, అప్పటి మారకంలో నలభై రూపాయలు దాటదు. మన దగ్గర మనిషిని సభకు లారీ ఎక్కించాలంటే బిర్యానీ పొట్లం, క్వార్టరు సీసా, పైన చేతిఖర్చు. అగ్రరాజ్యంలో అన్నీ ఖరీదేనని ఎవరన్నారో!

పద్ధతి కూడా ముచ్చటైనదే. గిఫ్టు కార్డులూ లక్కీడ్రాలూ ఆశచూపి జనం వివరాలు రాబట్టే సంస్థలకు పని అప్పగించారు. వాళ్లు ఒక్కొక్కరినీ అడిగి ఒప్పించడమెందుకని, చేతిలో ఉన్న పేర్లన్నీ దించేశారు. కంపెనీలకు ఈ మోసం నేరుగా తెలుసనేందుకు ఆధారం దొరకలేదట. ప్రమాద సంకేతాలు ఎదురుగా ఉన్నా పట్టించుకోలేదని మాత్రం తేలిందట. తెలియకుండా ఉండటం కూడా ఒక కళ. పని చేసిపెట్టిన మూడు సంస్థలు 44 లక్షల డాలర్లు కట్టి ఒడ్డున పడ్డాయి.

అవతలి పక్షం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కాలిఫోర్నియాలో 19 ఏళ్ల కాలేజీ కుర్రాడు లేని పేర్లు పుట్టించి, నెట్ న్యూట్రాలిటీ ఉండాల్సిందేనంటూ 77 లక్షలు పంపించాడు. ఒక్కడే!

ఇంతా చేసి, కొత్త సంగతులో గట్టి న్యాయవాదనలో ఉంటే తప్ప ఉత్తరాలను లెక్కలోకి తీసుకోలేదని కమిషన్ వారు సెలవిచ్చారు. 2017 డిసెంబరు 14న 3-2 ఓట్లతో నిబంధనను ఎత్తేశారు. లేని మనుషుల శ్రమ వృథా అయిందంటే సర్దుకోవచ్చు. పాపం, ఉన్న మనుషులు కూర్చుని సొంతంగా రాసుకున్నవీ ఆ కుప్పలోనే ఉన్నాయి. దొంగ ఉత్తరం చేసే అసలు నష్టం ఇదే. దాని మాట నెగ్గకపోయినా ఫర్వాలేదు, పక్కవాడి మాట చదవనక్కర్లేదని అధికారికి సాకు దొరికితే చాలు.

అప్పట్లో ఒకే మూసలో పోసిన ఉత్తరాలు కాబట్టి పట్టుబడ్డాయి. 2019లో ఒక విద్యార్థి, ఐడహో రాష్ట్రపు మెడికెయిడ్ (పేదల వైద్య బీమా) ప్రతిపాదన మీద యంత్రంతో వెయ్యిన్నొక్క అభిప్రాయాలు రాయించి పంపాడు. వచ్చినవాటిలో సగానికి పైగా అవే! ఏవి మనుషులవో చదివినవాళ్లు పోల్చుకోలేకపోయారు. పోల్చుకోలేకపోతామని నిరూపించడమే అతని ఉద్దేశం గనక, తనే చెప్పి వెనక్కి తీసుకున్నాడు. అందరూ అంత మర్యాదస్తులు ఉండరు.

మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒకసారి ఈ చిక్కును తెలివిగా తప్పించుకుంది. ఉచిత ఇంటర్నెట్ పేరుతో ఫేస్‌బుక్ బటన్ నొక్కించి లక్షల మెయిళ్లు పంపిస్తే, మేమడిగిన ప్రశ్నలకు జవాబేదని అడిగింది. తలలు లెక్కపెట్టకుండా, 2016 ఫిబ్రవరిలో వెబ్‌సైటుకో ధర పెట్టడాన్ని నిషేధించింది. (అంతకు ముందు ఏడాది ఇదే ట్రాయ్, పది లక్షల మందికి పైగా పంపిన మెయిళ్లను వాళ్ల మెయిల్ చిరునామాలతో సహా బయట పెట్టేసింది. పౌరధర్మానికి ప్రతిఫలంగా వాళ్లకు స్పామ్ మెయిళ్ల భయం.)

ఇప్పుడు అందరూ చెప్పే మందు, నువ్వు రోబోవి కాదని నిరూపించుకో. ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలన్నీ నొక్కు. రోబో టకటకా నొక్కేస్తుంది. ఊళ్లో కరెంటు దీపమే సరిగా వెలగని పెద్దాయన దొరికిపోతాడు.

అసలాయన అక్కడిదాకా రావాలి కదా. 2020లో పర్యావరణ ప్రభావ మదింపు నిబంధనల ముసాయిదా ఇంగ్లీషు, హిందీల్లోనే వచ్చింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నింటిలోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే, కేంద్రం సుప్రీంకోర్టు గడప తొక్కింది. ఫ్యాక్టరీ వస్తే చెరువు ఏమవుతుందో చెప్పాల్సిన శ్రీకాకుళం రైతు ఇంగ్లీషో హిందీయో నేర్చుకుని రావాలన్నమాట. ఇవాళ రోబోకి ఆ బాధ లేదు. అదే ముసాయిదా చదివి, చక్కటి తెలుగులో పదివేల అభ్యంతరాలూ, వాటిని ఖండిస్తూ మరో పదివేల మద్దతు లేఖలూ పూటలో రాసిపెడుతుంది. పర్యావరణ శాఖవారికి అనువాదకులు దొరక్కపోతే దాన్నే పిలవచ్చు, వకీళ్ల ఫీజైనా మిగులుతుంది.