పెద్ద అ, చిన్న అ

వెబ్‌సైట్లు కట్టి బతుకుతున్నవాణ్ణి. ఒక చిన్న గ్రంథాలయానికి సైటు చేస్తూ, చూసేవాళ్లలో పెద్దవయసువాళ్లే ఎక్కువ కదా అని పేజీ పైన మూడు బటన్లు తగిలించాను: చిన్న అ, మామూలు అ, పెద్ద అ. పక్కన నలుపు మీద పసుపు అక్షరాలు వచ్చే ఇంకో బటన్. ప్రభుత్వ సైట్లలో చూసి నేర్చిందే. ఎంతమందికి మేలు చేశానో అని తెగ మురిసిపోయాను.

మా పెదనాన్నకు కంట్లో పొర. ఫోన్ చేశారు.

"ఒరే, అక్షరాలు పెద్దవి చేసే బటన్లు పెట్టానన్నావు, ఎక్కడరా?"

"పైన కుడిపక్కన, పెదనాన్నా. లేత బూడిద రంగులో చిన్నగా ఉంటాయి."

"అవి కనపడాలంటే ముందు వాటిని పెద్దవి చెయ్యాలి గదరా!"

మామూలు సైజు అక్షరానికీ వెనకున్న రంగుకీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్‌సైట్ల అంతర్జాతీయ మార్గదర్శకాలు 2008 నుంచీ మొత్తుకుంటున్నాయి. తెలుపు మీద నా బూడిద 3 కూడా దాటలేదు. అందంగా ఉంది మరి.

పోనీ రెండు వేళ్లతో పేజీని సాగదీయమన్నాను. సాగలేదు. నా డిజైన్ చెదిరిపోతుందని, సాగకుండా ఒక లైను కోడ్ రాసి తాళం వేసింది నేనే. ఐఫోన్‌లోని సఫారీ 2016 నుంచి ఆ తాళాన్ని ఖాతరు చెయ్యడం మానేసింది గానీ, పెదనాన్నది ఆండ్రాయిడ్. కంప్యూటర్లోనేమో బ్రౌజర్ ఫాంటును 16 నుంచి 24కి పెంచుకుని కూర్చున్నారు. నేను అన్నీ పిక్సెళ్లలో బిగించాను కాబట్టి నా పేజీ ఆయన మాట వినదు.

చివరికి వాళ్ల మనవరాలు పెద్ద అ నొక్కిపెట్టింది. నా అసలు తెలివి అప్పుడు బయటపడింది. అక్షరం పెరిగింది, వరుస ఎత్తు పెరగలేదు. ఇంగ్లీషుకైతే ఇరుకిరుగ్గా సర్దుకునేదేమో. మనకు కిందికి దిగే ఒత్తులు, పైకి లేచే గుడులు. 'రాష్ట్రం' కింది ఒత్తులు రెండూ పోయి కింది వరుసలోని గుడిదీర్ఘాల మీద పడ్డాయి. శీర్షికల ఎత్తు కట్టేసి, మించినదాన్ని దాచెయ్యమని రాశాను. అక్కడ ఒత్తులు సగానికి తెగాయి. తర్వాతి పేజీకి వెళ్తే మళ్లీ చిన్న అక్షరాలే. నలుపు బటన్ నొక్కితే ముదురు నీలం లింకులు మాయం.

ఆ మార్గదర్శకాలు అడిగేది, అక్షరాన్ని 200 శాతం దాకా పెంచినా పేజీలో ఏదీ పోకూడదనే. ఆ పెంచడం బ్రౌజర్ చేసినా చాలు; బటన్లు పెట్టి తీరాలని లేదు. నేను ఉన్న తలుపులన్నీ మూసేసి, గోడ మీద తలుపు బొమ్మ వేశాను.

తాళం తీశాను. పిక్సెళ్లు పోయి, బ్రౌజర్ ఫాంటును బట్టి పెరిగే కొలతలు వచ్చాయి. వరుస ఎత్తు అక్షరానికి 1.8 రెట్లు. బటన్లు పీకేశాను.

కొన్నాళ్లకు గ్రంథాలయం కార్యదర్శిగారు అడిగారు: "ఆ మూడు అ-లు ఏవండీ? అవుంటేనే సైటుకు నిండుదనం."

మళ్లీ పెట్టాను, ఈసారి నల్లగా, లావుగా. బిల్లులో వాటికి విడిగా ఒక లైను కూడా వేశాను.