పాట పంపావు సరే, పేర్లేవిరా?

మొన్న ఆదివారం పొద్దున్నే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మా మేనల్లుడు ఒక పాట పడేశాడు. ‘మిస్సమ్మ’లో రామారావూ సావిత్రీ వెన్నెట్లో పాడుకునే యుగళగీతం. కింద మూడు ఎర్ర గుండెకాయలు, రెండు చప్పట్లు, ఒక ముక్క: ‘‘ఘంటసాల గొంతులో ఏం మత్తు మావయ్యా!’’ నేను కాఫీ గ్లాసు కింద పెట్టేలోపే పదకొండు మంది బొటనవేళ్లు ఎత్తేశారు. అందులో మా తమ్ముడొకడు. చిన్నప్పుడు నా పక్కనే చాప మీద కూర్చుని రేడియో విన్నవాడు. వాడూ వేలెత్తాడు!

పాడింది ఘంటసాల కాదురా నాయనా, ఏ.ఎం. రాజా. ‘మిస్సమ్మ’లో రామారావుకి గొంతిచ్చింది ఆయనే. చిత్తూరు జిల్లాలో పుట్టి, మద్రాసు చేరి, దక్షిణాది భాషల్లో పాడిన మనిషి. 1989లో రైలు ప్రమాదంలో పోయాడు. ఘంటసాల మీద నాకెంత భక్తో మా ఇంట్లో అందరికీ తెలుసు. అయితే మాత్రం, పెద్దాయన కదా అని పక్కవాడి పొలం కూడా ఆయన పేరున రాసేస్తామా?

‘మొదలెట్టాడు ముసలాడు’ అనుకుంటున్నారు కదూ? అనుకోండి. డెబ్బై దాటాక గొణుక్కోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మా రోజుల్లో పాట ఊరికే ఇంట్లోకి జొరబడేది కాదు. పెళ్లికొచ్చిన చుట్టంలా ఇంటిపేరూ ఊరిపేరూ చెప్పుకుని మరీ వచ్చేది. మా ఇంట్లో వాల్వుల రేడియో ఉండేది. స్విచ్చి వేశాక వేడెక్కి గొంతు విప్పడానికి కాసేపు పట్టేది. దానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టాలి. డబ్బు కట్టి వింటున్నాం కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని వినేవాళ్లం. విజయవాడ కేంద్రం అనౌన్సరు పాటకు ముందు నాలుగు సంగతులు చెప్పేవారు: చిత్రం ఫలానా, రచన ఫలానా, సంగీతం ఫలానా, పాడినవారు ఫలానా. ఆ తర్వాతే పాట. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు యాసకైతే వేరే అభిమానులు ఉండేవారు. రోజూ వినీ వినీ ఆ నాలుగు ముక్కలూ మాకు సంకల్పం చెప్పినంత ధారాళంగా నోటికొచ్చేశాయి. పదమూడో ఎక్కం రాని కుర్రాడు కూడా పింగళి నాగేంద్రరావు, సాలూరి రాజేశ్వరరావు, కొసరాజు, పెండ్యాల అని గడగడా అప్పజెప్పేవాడు.

నచ్చిన పాట నలుగురికీ వినిపించాలంటే కార్డు రాయాలి. పోస్టు కార్డు. దాని మీద పాట, చిత్రం, కోరినవాళ్ల పేర్లు. ఒక్కడి పేరే రాస్తే ఆనదని ఇంటిల్లిపాదినీ, ఎదురింటివాళ్లనీ, చివరికి పాలు పోసే ఆయన్నీ చేర్చేవాళ్లం. వివిధ భారతిలో శ్రోతలు కోరిన పాటలు వేస్తుంటే ఆ పేర్ల జాబితా ఒక్కోసారి పాటంత పొడుగుండేది. నేను రాసిన కార్డులకు లెక్కలేదు. ఒకే ఒక్క రోజు మా ఊరి పేరు చదివారు. నా పేరు చదవబోతుండగా కరెంటు పోయింది. ‘‘నీ పేరు చదివారోయ్, మా ట్రాన్సిస్టర్లో విన్నాను’’ అన్నాడు ఎదురింటాయన. ఆ సాక్ష్యం మీదే ఇన్నేళ్లుగా బతుకుతున్నాను.

‘‘ఈ పేర్లన్నీ తెలిసి ఏం చేసుకోవాలి తాతయ్యా?’’ అంటాడు మా మనవడు. చాలా చేసుకోవచ్చురా. ‘మల్లీశ్వరి’ పాటలు వేసినప్పుడల్లా ‘రచన దేవులపల్లి కృష్ణశాస్త్రి’ అనడం విని, ఈయన సంగతేమిటో చూద్దామని మా ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి ‘కృష్ణపక్షం’ తెచ్చుకున్నాను. సగం అర్థం కాలేదు. గడువు దాటినా తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. ‘గులేబకావళి కథ’ పాటలు రాసిన సి. నారాయణరెడ్డి గారు కావ్యాలు కూడా రాశారని ‘కర్పూర వసంతరాయలు’ చేతికొచ్చాక తెలిసింది. 1986లో ‘సిరివెన్నెల’ వచ్చింది. అందులో వేణువు వాయించింది హరిప్రసాద్ చౌరాసియా అని ఎవరో చెప్పారు. హిందుస్తానీ అంటే ఆమడ దూరం పరిగెత్తే నేను ఆయన క్యాసెట్టు కొనుక్కొచ్చి, ఇంట్లోవాళ్లు పడుకున్నాక పెట్టుకుని విన్నాను. ఆ సినిమాతోనే చేంబోలు సీతారామశాస్త్రి కాస్తా సిరివెన్నెల సీతారామశాస్త్రి అయ్యాడు. పేరు తెలిస్తే దాని వెంట పడి ఇంకో పాటకో, ఇంకో పుస్తకానికో పోతాం. పేరు తెలియని పాట దగ్గర ఎంతసేపు నిలబడతాం? ముప్పై సెకన్లు. ఆపైన వేలు దాన్ని పైకి తోసేస్తుంది.

పేరు కోసం నేను నెల జీతంలో కొంత ధారపోసిన కథ ఒకటుంది. 1975 ప్రాంతంలో, ఉద్యోగం కొత్తలో, హైదరాబాదు చిక్కడపల్లిలో నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. అందులో ఒకతనిది వరంగల్. ఒక పొద్దున అద్దం ముందు గడ్డం గీసుకుంటూ ‘మూగమనసులు’లో జమున మీద తీసిన గోదావరి పాట కూనిరాగం తీశాను. తీసినవాణ్ణి ఊరుకోకుండా, ‘‘ఆత్రేయ ఎంత బాగా రాశాడయ్యా!’’ అన్నాను.

‘‘ఆత్రేయ కాదు, దాశరథి’’ అన్నాడు మావాడు, మంచం మీంచి లేవకుండానే.

‘‘ఊరుకోవయ్యా. మీ ఓరుగల్లు కవికి గోదారి సంగతి ఏం తెలుసు?’’

‘‘గోదారి మీ రాజమండ్రిలనే పుట్టిందా? ముందుగాల మా బాసరకొస్తది. ఆ తర్వాతనే మీ దిక్కు పోతది.’’

పందెం పడింది. ఓడినవాడు నెల రోజులు ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టించాలి. ఇప్పుడైతే ఫోను తీసి అక్కడికక్కడే తేల్చేస్తారు. అప్పుడు మాకు కోఠీ ఫుట్‌పాతే సుప్రీంకోర్టు. పాత పుస్తకాల కుప్పల ముందు గొంతుక్కూర్చుని మూడు ఆదివారాలు వెతికితే ‘మూగమనసులు’ పాటల పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది, మూలన పకోడీల నూనె మరక. పాటల పుస్తకమంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి కాబోలు. సినిమా హాలు దగ్గర అమ్మేవారు. ముందు కథ రసపట్టు దాకా నడిపించి, మిగతాది వెండితెర మీద చూడమని ఊరించి వదిలేసేవారు. ఆ తర్వాత పాటలు, ఏది ఎవరు రాశారో పేర్లతో సహా. మావాడు ఏమీ మాట్లాడకుండా పేజీ మీద వేలు పెట్టి చూపించాడు. దాశరథి.

నెల రోజులు చాయ్ పోయించాను. మావాడు అంతటితో వదల్లేదు, నాచేత ‘అగ్నిధార’ చదివించాడు. నిజాం కాలంలో నిజామాబాద్ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన మనిషే, గోదారి మీద అంత తేలిగ్గా ఊగిపోయే పాట కూడా రాశాడని తెలిశాక నేనింక నోరెత్తలేదు. మాలో ఆంధ్రా తెలంగాణా వాదనలు అంతకు ముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. ఆ నెల మాత్రం దాశరథి గారి పుణ్యమా అని చాయ్ చల్లారకుండా తాగాం.

తర్వాత క్యాసెట్ల కాలం. ఖాళీ క్యాసెట్టు 60 నిమిషాలది కొంటే ఒక్కో వైపు అరగంట. కావలసిన పాటల జాబితా తెల్లకాగితం మీద రాసి రికార్డింగ్ షాపులో ఇవ్వాలి. మా షాపతను ఆ కాగితం తీసుకుని మాస్టారు పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దేవాడు. ‘‘ఇది లీల కాదు సార్, జిక్కి’’ అని కొట్టేసి పైన రాసేవాడు. చదివింది ఏడో తరగతి. పాటల్లో మాత్రం ఎమ్మే. క్యాసెట్టు ఇంటికి తెచ్చుకున్నాక లోపలి అట్ట మీద చీమతలకాయంత అక్షరాలతో పాట, చిత్రం, కవి, సంగీతం, గాయకులు అన్నీ ఎక్కించేవాణ్ణి. మిత్రుల పెళ్లిళ్లకు నేనిచ్చిన కానుకలన్నీ అవే. స్టీలు డబ్బాలు ఇచ్చినవాళ్లను మర్చిపోయారు గానీ నా క్యాసెట్టు గురించి ఇప్పటికీ అడుగుతారు.

అలాగని మాది సత్యకాలమని బుకాయించను. హీరో బొమ్మ వేసి ఆయన పేరు మీద ‘హిట్స్’ అని క్యాసెట్లు అమ్మడం మా కాలంలోనే మొదలైంది. పెదవులు కదిపినవాడికి అట్టంతా, పాడినవాడికి అడుగున ఒక గీత. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు పెళ్లివంటల ముందు కూర్చుని పాడే పాట ఎస్వీ రంగారావే పాడారని మా వీధిలో సగం మంది నమ్మకం. పాడింది మాధవపెద్ది సత్యం. వీణ ఎవరు మీటారో, తబలా ఎవరు కొట్టారో మా రేడియో కూడా చెప్పిన పాపాన పోలేదు. కె.వి. మహదేవన్ తెలుగువారు కాదు. అయినా మన కవి పాట రాసిచ్చాకే బాణీ కట్టేవారు, మాటకి అంత మర్యాద. ఆయన పక్కనే ఏళ్ల తరబడి సహాయకుడిగా ఉన్న పుహళేంది పేరు మాలో ఎంతమందికి తెలుసు? కాబట్టి తప్పులు మావీ ఉన్నాయి. కానీ తప్పని తెలిస్తే సిగ్గుపడేవాళ్లం, పందెం కట్టేవాళ్లం, కోఠీ దాకా నడిచేవాళ్లం.

1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్లలు పాడేసి వెళ్లిపోతే ఎస్పీ బాలు గారు ఊరుకునేవారు కాదు. ఆ పాట ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, పాడినవాళ్లు ఎక్కడ ఎలా విరిచారు అని విప్పి చెప్పేవారు. అదీ పాటను పంచుకోవడమంటే. 2020లో ఆయనా వెళ్లిపోయారు.

ఇప్పుడేమో జేబులో లక్షల పాటలు. మొన్న ఒక యాప్‌లో ‘మల్లీశ్వరి’ పాట వెతికితే, పాడినవారు అన్నచోట ‘వేరియస్ ఆర్టిస్ట్స్’ అని ఉంది. ఈ వేరియస్ ఆర్టిస్ట్స్ గారెవరో గానీ భానుమతి కంటే, ఘంటసాల కంటే గొప్పవారై ఉండాలి. ఎక్కడ చూసినా వారే. కృష్ణశాస్త్రి కోసం వెతికాను. రాసినవారికి అసలు గడే లేదు. ఇక రీల్సు సంగతి చెప్పేదేముంది? పల్లవిలో సగం, దాని మీద ఎవరో అమ్మాయి డాన్సు. ఆ అమ్మాయి పేరేమిటో, ఊరేమిటో, కుక్కపిల్ల పేరేమిటో మా మనవడు చెప్పగలడు. పాట రాసిందెవరంటే మాత్రం ‘‘ఎవరో రాసే ఉంటారు కదా తాతయ్యా’’ అంటాడు.

2023 మార్చిలో ‘ఆర్ఆర్ఆర్’ పాటకి ఆస్కార్ వచ్చింది. బాణీ కట్టిన కీరవాణికీ, రాసిన చంద్రబోస్‌కీ ఇచ్చారు. ఆ సాయంత్రం మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర పక్కింటాయన నన్నాపి, ‘‘డాన్సు చేసింది హీరోలు కదండీ, రాసినవాడికి ఇచ్చారేమిటి?’’ అని అడిగాడు. ఆ రాసినవాడు 1995 నుంచి మన సినిమాలకు రాస్తూనే ఉన్నాడు. మన వేలి కింద నుంచే అన్నేళ్లూ ఆయన పాటలు జారిపోయాయి. లాస్ ఏంజిలిస్‌లో ఎవరో కవరు చించి పేరు చదివితే గానీ పక్కింటాయనకు చంద్రబోస్ కనపడలేదు. మా రేడియో ఆ పని రోజుకి ఇన్నిసార్లని లెక్కలేకుండా చేసేది, సూటూ బూటూ లేకుండానే.

సరే, ఆదివారం సంగతి. ఒంటివేలితో కొట్టడం మొదలుపెట్టాను. పన్నెండు నిమిషాలు పట్టింది. ‘చిత్రం మిస్సమ్మ, 1955. రచన పింగళి నాగేంద్రరావు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. పాడినవారు ఏ.ఎం. రాజా, పి. లీల.’ పంపేశాను. ఎవరూ వేలెత్తలేదు. మా తమ్ముడు మాత్రం తను ముందు ఎత్తిన వేలు చప్పుడు కాకుండా దించేసుకున్నాడు. అది చాలు నాకు.

మీకూ ఓ మాట. పాటలు పంపండి, తప్పకుండా పంపండి. గుండెకాయలు, చప్పట్లు మీ ఇష్టం. కింద ఆ నాలుగు పేర్లు కూడా కొట్టండి. నా వేలికి పన్నెండు నిమిషాలు పట్టింది గానీ మీ వేళ్లకు అర నిమిషం పని.